కాలువ దాకా ఒక్కదాన్నే

ముడి విప్పడానికి మస్తాన్‌బీకి వెలుతురు అక్కర్లేదు. చీకట్లోనే కుడిచేతి వేళ్ళు వాటంతటవే వెళ్ళి ఎడమ మణికట్టు మీది గుడ్డపేలికను వదులు చేశాయి. పేలిక రెండో కొస పక్కన పడుకున్న చెల్లెలు నస్రత్ చేతికి ఉంది. పాత ఓణీ అంచు చింపి చేసిన ఆ మూరెడు గుడ్డ ప్రతి రాత్రీ ఇద్దర్నీ కలిపి ఉంచుతుంది. నిద్రలో నస్రత్ చెయ్యి బిగుసుకుంటే చాలు, మస్తాన్‌బీకి మెలకువ వచ్చేస్తుంది. లేచి చెల్లెల్ని పక్కకి ఒత్తిగిలించి, దగ్గర్లో ఉన్న చెంబూ గ్లాసూ దూరంగా నెట్టి, మూర్ఛ తగ్గేదాకా పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంటుంది.

ఈ రాత్రి పిలవాల్సిన పని పడలేదు. అయినా లేచి కూర్చోగానే ఎడమ భుజం లోపలెక్కడో లాగింది. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి కదలకుండా పడుకోవడం వల్లే అనుకుంది. భుజాన్ని రెండుసార్లు గుండ్రంగా తిప్పి పొయ్యి దగ్గరికి నడిచింది.

గూట్లో తెల్లటి ఛార్జింగ్ బిళ్ళ మీద గడియారం వెల్లకిలా పడుకుని ఉంది. అగ్గిపెట్టె కోసం తడుముతుంటే చెయ్యి తగిలిందేమో, నల్లటి అద్దంలో పచ్చటి అంకెలు చప్పున వెలిగాయి. మస్తాన్‌బీ చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపటికి అంకెలు ఆరిపోయాయి. నిద్రపోతున్నదాన్ని లేపినట్టయి, ఆ తర్వాత గూటి జోలికి వెళ్ళకుండానే టీ కాచింది.

దాన్ని నిన్న సాయంత్రం తమ్ముడు అక్బర్ కూతురు మెహర్ తెచ్చింది. మెహర్ గుంటూరులో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. ఒక్కరోజు వాడి చూసుకుంటామని షాపాయన్ని ఒప్పించి తెచ్చిందట. డబ్బు సంగతి మస్తాన్‌బీ ఎత్తబోతే, "అది నాకూ నాన్నకీ వదిలెయ్ పెద్దత్తా. నువ్వు ఊ అంటే చాలు" అంది.

ఆ ఊ అనడమే మస్తాన్‌బీకి చేతకాలేదు.

"ఇందులోనే సిమ్ముంటుంది. ఫోను దగ్గర లేకపోయినా దీంట్లోంచే మాట్లాడొచ్చు. చిన్నత్త పడిపోతే అదే కనిపెట్టి నీకూ నాకూ ఫోన్ చేస్తుంది" అని చెప్పింది మెహర్.

"పడ్డాక చేస్తుందా, పడకముందా?"

"పడ్డాకే. పడకముందు దానికెట్టా తెలుస్తుందత్తా?"

"నాకు తెలుస్తుంది" అంది మస్తాన్‌బీ.

గొప్ప కోసం అన్న మాట కాదది. నస్రత్‌కి మూర్ఛ వచ్చేముందు చేతివేళ్ళు చేస్తున్న పని మర్చిపోతాయి. కళ్ళు ఎవరో పిలిచినట్టు ఒక పక్కకి వెళ్ళిపోతాయి. ఆ రెప్పపాటులో మస్తాన్‌బీ చెయ్యి ఆమె నడుం కిందికి చేరిపోతుంది. అలా చేరలేకపోయిన కొద్దిసార్లకీ గుర్తులు నస్రత్ ఒంటి మీదే ఉన్నాయి. ముందరి పన్ను విరిగింది ఒకసారి. గడ్డం కింద కుట్లు ఒకసారి. ముంజేతి మీద నున్నగా మెరిసే మచ్చ, చిన్నప్పుడు పొయ్యిలో పడ్డప్పటిది.

మెహర్ దాని లోపాలు దాచలేదు. రోజూ ఛార్జింగ్ పెట్టాలి, రెండోరోజుకి ఆగదు. రాత్రి బిళ్ళ మీద పెడితే పొద్దుటికి నిండుతుంది. ఇందులో వేసింది తన రెండో నంబరు సిమ్ము కాబట్టి చిన్నత్త చేసినా పెద్దత్త ఫోనులో 'మెహర్' అనే పడుతుంది. పక్కనున్న మీట బయటికి పొడుచుకొచ్చి ఉంది, చెయ్యి బాగా వంచితే దానంతటదే నొక్కుకుంటుంది. "ఎందుకట్టా పెట్టారో వాళ్ళకే తెలియాలి" అని నవ్వింది.

నవ్వుతూనే నస్రత్ చేతి గాజులు మోచేతి వైపు నెట్టి, గడియారం పెట్టి పట్టీ బిగించింది. దాని పొట్ట కింద పచ్చటి వెలుగు మినుకుమంది. అద్దం మీద ఒక అంకె వచ్చి, మారి, మళ్ళీ మారింది.

"ఏంటది?" అంది మస్తాన్‌బీ.

"చిన్నత్త గుండె."

మస్తాన్‌బీ దగ్గరికి జరిగింది. మూర్ఛ తగ్గి చెల్లెలు బట్టలా వాలిపోయిన ప్రతిసారీ తను ఆ గుండె మీద చెవి ఆనించి వింది. వినపడేదాకా తన ఊపిరి బిగబట్టింది. అది ఇప్పుడు దీపంలా వెలుగుతూ, ఎవరైనా చూసేలా చెల్లెలి చేతి మీద ఉంది. వంగి చాలాసేపు చూసింది. నస్రత్ గాలి పీలిస్తే అంకె కొంచెం పెరిగింది, వదిలితే తగ్గింది. దేవుడు లోపల దాచిపెట్టినదాన్ని బయట చూడ్డం తప్పేమోనని కూడా అనిపించింది. అయినా చూపు మరల్చుకోలేకపోయింది.

"నువ్వూ ఒకసారి పెట్టుకో పెద్దత్తా."

"నాకెందుకే? నాకేం రోగం?" అంటూ లేచి అన్నం వార్చడానికి వెళ్ళింది.

తెల్లారేసరికి కూలీల ఆటో వచ్చింది. పన్నెండు నెలల్లో మిరపకోతల రోజులే అక్కాచెల్లెళ్ళకి బాగా పని దొరికే కాలం. ప్రత్తిపాడు దాటి, పత్తికట్టె పీకేసిన చేల మధ్య నుంచి డొంక దారిన వెళితే, సాగర్ కాలువకి ఇవతల రామాంజనేయులు మిరపచేను. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. మస్తాన్‌బీ పొడుగు మనిషి, ఎండిన ఒళ్ళు. ఏళ్ళ తరబడి కాయలు కోసీ కోసీ ఆమె గోళ్ళ మొదళ్ళు ఎర్రగా తుప్పు పట్టినట్టుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఘాటుకి కళ్ళు నీళ్ళు కారతాయి. ఆమె కళ్ళు ఆ పని మానేసి చాలాకాలమైంది. వేళ్ళకి గుడ్డ చుట్టుకుని, నడుముకి ఒడి కట్టుకుని సాలులోకి దిగింది. నస్రత్ పక్క సాలులోకి దిగింది. ఇద్దరి మధ్యా ఒక్క మొక్క వరస. అది ఎప్పుడూ అంతే. మస్తాన్‌బీ తన సాలు చూసి కొయ్యదు. వేళ్ళు తన మొక్కలో ఉంటాయి, కళ్ళు చెల్లెలి వేళ్ళ మీద ఉంటాయి.

"ఏందే నస్రతూ, చేతికి పచ్చడిబండ కట్టుకొచ్చావు?" అని అవతలి సాల్లోంచి కేకేసింది కోటేశ్వరి. ఆమె గొంతు ముందు పుట్టి మనిషి తర్వాత పుట్టినట్టుంటుంది.

"గడియారం. మాట్లాడుద్ది" అంది నస్రత్.

"ఏదీ, మాట్లాడించు."

నస్రత్ అద్దం మీద వేలు పెట్టింది. వేలికి గుడ్డ చుట్టి ఉండడంతో అది పలకలేదు. గుడ్డ విప్పి మళ్ళీ పెట్టినా కారం పట్టిన వేలుని అది గుర్తుపట్టలేదు. కోటేశ్వరి పకపకా నవ్వి, మూగగడియారమని పేరు పెట్టింది. మస్తాన్‌బీకి లోలోపల కొంచెం తృప్తిగానే అనిపించింది.

పొద్దెక్కాక ఆ మూగది నోరు విప్పింది. తట్ట అడుగున అంటుకున్న తడి ఆకులు రాలడానికి నస్రత్ తట్టని గట్టున గట్టిగా కొట్టింది. గడియారం చేతిని పట్టుకు గుంజినట్టు అదిరి, గంట మోగించింది. దాన్ని ఎట్లా ఆపాలో తెలిసేలోపు నస్రత్ మణికట్టులోంచి మెహర్ గొంతు కంగారుగా కేక పెట్టింది.

"చిన్నత్తా! ఏమైంది? పడ్డావా?"

వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ నిటారుగా లేచి నిలబడ్డారు. గుంటూరులో దుకాణంలో ఉన్న పిల్ల గొంతు మిరపచేలో, మనిషి చేతి లోంచి! కోటేశ్వరి ఒడిలో కాయలు జారి కింద పోయాయి. ఆమె చూసుకోలేదు.

"పళ్ళేదే, తట్ట కొట్టా" అంది నస్రత్, చేతిని నోటి దగ్గర పెట్టుకుని.

"హమ్మయ్య. దానికి పడ్డానికీ కొట్టడానికీ తేడా తెలీదు చిన్నత్తా. కాస్త మెల్లగా."

మధ్యాహ్నం నమాజుకి మళ్ళీ అదే గొడవ. బోరుషెడ్డు నీడలో గుడ్డ పరుచుకుని ఇద్దరూ నిలబడ్డారు. నస్రత్ సజ్దాకి వంగి అరచేతులు నేలకి ఆనించగానే మణికట్టు వంగి పక్క మీట నొక్కుకుంది. సైరన్‌లాంటి కూత. నమాజు అయ్యేదాకా ఆగి, నస్రత్ నవ్వు ఆపుకోలేక చీరకొంగు నోట్లో కుక్కుకుంది. విరిగిన పన్ను సందులోంచి నవ్వు ఈలలా వచ్చింది. మస్తాన్‌బీ ఫోను తీసి మెహర్‌కి చెప్పింది.

"ఇది నమాజు కూడా చేసుకోనివ్వట్లేదమ్మా. తీసుకుపో."

"తిప్పి పెట్టుకోమను పెద్దత్తా. మీట మోచేతి వైపు వచ్చేట్టు. అప్పుడు నొక్కుకోదు. అంకెలు తలకిందులైతే నేను సాయంత్రం సరిచేస్తా." మళ్ళీ తనే అంది, "నీకు ఇష్టం లేకపోతే తీసుకుపోతాలే. నేనేం అనుకోను."

మస్తాన్‌బీ గడియారాన్ని తిప్పి పెట్టింది. ఇష్టం ఉందో లేదో తనకే తెలియలేదు. తల్లి పోయేముందు చెల్లి చేతిని ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది. తర్వాత పొన్నూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. బియ్యం మిల్లులో పనిచేసే మనిషి, నెమ్మదస్తుడు. చెల్లి కూడా నాతోనే వస్తుందని మస్తాన్‌బీ చెప్పింది. వాళ్ళు టీ తాగి, మర్యాదగానే లేచి వెళ్ళారు. దాని గురించి ఆమె ఏడవలేదు. ఎవరైనా అడిగితే కథలా చెప్పేది కూడా కాదు. తన పని ఏంటో తనకి తెలిసిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ పని చేస్తానంటూ అరచేతిలో సగం లేని వస్తువొకటి వచ్చింది. దానికి సజ్దా తెలీదు, తట్ట తెలీదు. అయినా గుంటూరులో ఉన్న పిల్లని రెప్పపాటులో చేలోకి తెచ్చి నిలబెట్టింది. తను ఎంత గట్టిగా అరిచినా గొంతు డొంక దాటదు.

అన్నాలు తిన్నాక ఆడవాళ్ళు తలా ఒక నీడన నడుం వాల్చారు. నస్రత్ చెయ్యి కడుక్కుని వచ్చి అక్క ముందు నిలబడింది.

"అక్కా, కాలువ దాకా వెళ్ళొస్తా."

"పద" అని మస్తాన్‌బీ చేతులు నేలకి ఆనించి లేవబోయింది.

"నువ్వు కాదు. నేనొక్కదాన్నే."

మస్తాన్‌బీ అలాగే సగం లేచి ఆగిపోయింది. పెళ్ళి వయసులో ఉండగా ఆ కాలువలోనే, బట్టలు ఉతుకుతూ నస్రత్ జారిపడి మునిగిపోయింది. జుట్టు దొరకబట్టి మస్తాన్‌బీ బయటికి లాగింది. ఆ రోజు నుంచి నీళ్ళ దగ్గరికి ఆమెని వెళ్ళనివ్వలేదు. నీళ్ళనే ఏముంది, బావి దగ్గరికి, బజారుకి, చివరికి చేలో చాటుకి వెళ్ళినా అక్క వెనకాల ఉండాల్సిందే. నస్రత్‌కి నెరిసిన జుట్టు వచ్చింది. ఒంటరిగా నడిచిన నడక ఒక్కటి కూడా లేదు.

"ఇది ఉంది కదక్కా" అని నస్రత్ చెయ్యి ఎత్తి చూపింది. ఆ గొంతులో మారాం లేదు. ఏళ్ళ తరబడి అడగకుండా దాచుకున్నదాన్ని జాగ్రత్తగా బయటపెట్టిన గొంతు. "అక్కడికి వెళ్ళగానే నీకు ఫోన్ చేస్తా. నీళ్ళలోకి దిగను. ఒట్టు."

వద్దు అనే మాట మస్తాన్‌బీ నాలుక చివరికి వచ్చింది. చెల్లెలి మొహం చూసి దాన్ని మింగింది.

"చెట్టుకి ఆనుకుని కూర్చో" అంది.

నస్రత్ గట్టు మీద నడిచి వెళుతుంటే మస్తాన్‌బీ చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని చూసింది. మొదట చీర మీది పువ్వులు కనిపించాయి. తర్వాత చీర రంగు. తర్వాత ఒక ఎర్రటి చుక్క, పచ్చటి చేల మధ్య కదులుతూ. చెల్లెల్ని ఇంత దూరం నుంచి ఎన్నడూ చూడలేదు. నస్రత్ నడక ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పుడే తెలిసింది. చేతులు కొంచెం ఊపుతుంది. గట్టు మలుపులో ఒకసారి ఆగి, ఏదో చెట్టుకొమ్మ వంచి చూసి, వదిలేసింది. ఎవరూ తొందరపెట్టని మనిషి నడక అది. మస్తాన్‌బీకి భయమూ ఉంది. భయాన్ని తోసుకుంటూ ఇంకేదో కూడా ఉంది. పసిపిల్ల మొదటి అడుగులు చూసేటప్పుడు ఇంట్లోవాళ్ళు చేసే చప్పుడులాంటిది ఆమె గొంతులోంచి వచ్చింది.

చుక్క కట్ట ఎక్కి అవతలికి దిగిపోయింది.

మస్తాన్‌బీ మీటల ఫోను మోగింది. మెహర్ అని పడింది. ఎత్తితే నస్రత్.

"అక్కా, వచ్చేశా. కట్ట మీద తుమ్మచెట్టు కింద కూర్చున్నా."

"నీళ్ళు దూరంగా ఉన్నాయా?"

"దూరంగానే ఉన్నాయి. నిండా పారతన్నాయి. అక్కా, ఒక నీలం పిట్ట ఉంది. నన్ను చూసి కూడా ఎగిరిపోలా."

"మంచిది. ఇంకా?"

ఇంకా ఏమీ వినపడలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వచ్చింది, మెత్తగా, ఆగకుండా.

"నస్రతూ!"

నీళ్ళు.

"నస్రతూ!"

మస్తాన్‌బీ లేచింది. చెప్పులు వేసుకోలేదు. ఫోను చెవికి ఆనించుకునే సాలుకి అడ్డంపడి పరిగెత్తింది. మిరపకొమ్మలు కాళ్ళకి తగిలి విరిగాయి. సగం చేను దాటిందో లేదో చెవిలో గొంతు పలికింది.

"ఉన్నానక్కా. ఏం కాలా. ఊరికే కూర్చున్నా. మాట్లాడబుద్ధి కాలేదు."

మస్తాన్‌బీ నడిచేలో నిలబడిపోయింది. గుండె డప్పులా కొట్టుకుంటోంది. మాట్లాడబుద్ధి కాకపోవడం! ఇన్నేళ్ళలో నస్రత్ ఊరుకుంటే మస్తాన్‌బీ పిలిచేది. పిలిస్తే పలకాలి. పలక్కపోతే ఆమె ప్రాణం పోయేది. అందుకని ఆ పిల్ల పలుకుతూనే ఉంది, తింటూ, పనిచేస్తూ, నిద్రలోకి జారుతూ కూడా. ఊరుకునే వీలు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. ఎవరో కాదు, తనే ఇవ్వలేదు.

వెనక్కి తిరిగి మెల్లగా షెడ్డు నీడకి చేరింది. రొప్పు తగ్గలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది.

"అక్కా, పెట్టెయ్యనా?"

"వద్దు. ఉండనీ. నువ్వేం మాట్లాడక్కర్లా. నేనూ నీళ్ళు వింటా."

ఒకప్పుడు చెల్లెల్ని మింగబోయిన నీళ్ళు మస్తాన్‌బీ చెవిలో పారుతున్నాయి. వాటి మీద ఆమెకి ఇంతకాలం కోపం ఉండేది. ఇప్పుడు వింటుంటే అవి ఎక్కడో కొండల మధ్య బయల్దేరి, ఇన్ని చేలు తడిపి, తన చెల్లెలి కాళ్ళ ముందునుంచి వెళుతున్నట్టు అనిపించింది. కనిపించని తీగ ఒకటి అక్కణ్ణించి ఆకాశంలోకి లేచి, మళ్ళీ ఈ గోడ పక్కకే దిగి ఆ చప్పుడు తెచ్చి ఇస్తోంది. ఎవరు నేర్పారు మనుషులకి ఇది! ఆమె కళ్ళు తుడుచుకుంది. మిరపఘాటుకి రాని నీళ్ళు వాటికవే వచ్చాయి.

చేతులు ఊరుకోలేవు. ఒడిలో మిగిలిన కాయలు తువ్వాలు మీద గుమ్మరించి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఏరసాగింది. ఎర్రకాయ ఇటు, తెల్లబారిన తాలుకాయ అటు.

"నస్రతూ."

"ఊఁ."

"దాన్ని మెహర్‌కి తిరిగివ్వొద్దులే. ఉంచుకుందాం."

"మరి తట్ట కొడితే అరుస్తదిగా?"

"అరవనీ. కోటేశ్వరి కంటేనా?"

నస్రత్ నవ్వింది. పన్ను సందులోంచి ఈల.

"రాత్రిపూట దాన్ని బిళ్ళ మీద పెట్టాలంట కదక్కా. రాత్రిళ్ళు ఎట్టా మరి?"

"రాత్రికి నేనున్నాగా" అంది మస్తాన్‌బీ. "కూర్చో. నీకు రావాలనిపించినప్పుడే రా."

పొద్దుటి నొప్పి భుజంలోంచి మెడకి పాకింది. ఆమె తల గోడకి ఆనించింది. ఫోను ఒళ్ళోకి జారింది. అందులోంచి సన్నగా నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. ఆమె వేళ్ళు ఇంకో కాయ అందుకున్నాయి.

కాలువ కట్ట మీద నస్రత్ తనకి రావాలనిపించేదాకా కూర్చుంది. అక్క మళ్ళీ పిలవలేదు. తనని ఊరుకోనిచ్చిందని నస్రత్‌కి ఎంతో సంతోషమేసింది. లేచి, చీర దులుపుకుని, వచ్చిన దారినే ఒక్కతీ నడిచి వచ్చింది. షెడ్డు పక్కన అక్క కునుకు తీస్తోందనుకుని పక్కనే చతికిలపడి, నీలం పిట్ట గురించి, నీళ్ళలో కొట్టుకొచ్చిన అరటిబోదె గురించి గుసగుసగా చెప్పింది. చెబుతూ చెబుతూ అక్క చేతివేళ్ళు చూసింది. అవి చేస్తున్న పని మర్చిపోయి ఉన్నాయి.

నస్రత్ కేకకి కోటేశ్వరి అందరికంటే ముందు వచ్చింది. మస్తాన్‌బీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఊపిరి తగలక, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, "అయ్యో తల్లీ" అంది. నస్రత్ గడియారాన్ని నోటి దగ్గర పెట్టుకుని మెహర్‌ని పిలిచింది. ఏడుస్తూనే, ఏమైందో తడబడకుండా చెప్పింది. రామాంజనేయులు బండి కట్టించాడు. సాయంత్రానికి అక్బర్, మెహర్ వచ్చారు. మెహర్ గడియారం వైపు చూడడానికి కూడా మొహం చెల్లనట్టు నిలబడితే, నస్రతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉంచుకుందామంది మీ పెద్దత్త. ఊ అంది."

రాత్రిళ్ళు దాన్ని పెట్టుకుని, పగలు మనుషుల మధ్య ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టుకుంటానంది నస్రత్. అట్లాగే చేసింది. వారం తిరక్కుండానే మళ్ళీ చేలోకి వచ్చింది, ఆటో దిగి గట్టు మీద తనొక్కతే అందరికంటే ముందు నడుస్తూ.

ఆ సాయంత్రం మాత్రం అందరూ బండి వెంట వెళ్ళిపోయాక చేను ఖాళీ అయింది. షెడ్డు గోడ కింద తువ్వాలు పరిచినది పరిచినట్టే ఉంది. దాని మీద ఒక పక్క ఎర్రకాయల చిన్న కుప్ప, ఒక పక్క తాలుకాయల కుప్ప, రెంటికీ నడుమ, తొడిమ దగ్గర ఎర్రగానూ కొన దగ్గర తెల్లగానూ ఉన్న కాయ ఒక్కటి, ఎటు వెయ్యాలో ఇంకా తేలక.